పెట్టె, పలక, గాలిలో తేమ

రాయలసీమలోని నల్లమాడ చుట్టూ రాతిగుట్టలకు కొదవ లేదు. ఏదో ఒక గుండుకు రెండు మేకులు దిగ్గొట్టి, వాటి మధ్య గిటార్ తీగ ఒకటి బిగించి మీటి చూడండి. తీగ బాగానే వణుకుతుంది, చాలాసేపు వణుకుతుంది కూడా. కానీ చెవి ఆనించి వింటే తప్ప వినపడదు. రెండడుగులు వెనక్కి జరిగితే ఆ వినపడేదీ పోతుంది. తీగ మరీ సన్నం కాబట్టి గాలిని నెట్టలేదు. ముందుకు కదిలినప్పుడు దాని ముందున్న గాలి పక్కల నుంచి జారి వెనక్కి పోతుంది. రాయేమో టన్నుల బరువు, తీగ లాగినా కదలదు. కదలని దానికి శక్తి ఎక్కదు. అందుకే ఆ శక్తంతా తీగలోనే ఉండిపోయి, అది అంతసేపు వణుకుతుంది.

ఇప్పుడు అదే తీగను పలచటి చెక్కపెట్టె మీద బిగించండి. వీధి చివరిదాకా వినపడుతుంది, అయితే త్వరగా చచ్చిపోతుంది. తీగలో ఉన్న శక్తి పిసరంత. దాన్ని గట్టిగా ఒక్కసారే ఖర్చుపెట్టాలా, కొద్దికొద్దిగా ఎక్కువసేపు ఖర్చుపెట్టాలా అన్నదే గిటార్ చేసేవాడి ముందున్న లెక్క. దుకాణంలో గోడకు వేలాడే గిటార్లన్నీ ఆ లెక్కకు వేర్వేరు జవాబులే.

నల్లమాడ కుర్రవాడు గిటార్ కొనాలంటే బెంగళూరు పోతాడు, లేదా ఫోన్‌లో బొమ్మ చూసి తెప్పించుకుంటాడు. ఎక్కడ చూసినా చీటీ మీద ఉండేవి రెండే ముక్కలు: ఆకారం పేరు, కర్ర పేరు. డ్రెడ్‌నాట్, స్ప్రూస్ టాప్, రోజ్‌వుడ్ బ్యాక్. ధర పెరిగేకొద్దీ కర్ర పేరు పొడుగవుతుంది. అమ్మేవాళ్లు కర్ర గురించి చెప్పినంత వివరంగా పెట్టె గురించి చెప్పరు, గాలిలో తేమ గురించి అసలే చెప్పరు. నా లెక్కలో ఈ క్రమం తలకిందులైంది. ముందు పెట్టె, తరవాత పైపలక, ఆ తరవాత మీ ఊరి గాలి. వెనకపలక ఏ చెట్టుదన్నది అన్నిటికన్నా ఆఖరు.

పెట్టెతో మొదలుపెడదాం. గిటార్ లోపలున్న గాలికి ఒక సొంత శ్రుతి ఉంటుంది. పెద్ద గిటార్లలో అది సుమారు 100 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. దీన్ని కొలవడానికి యంత్రం అక్కర్లేదు. గుండ్రటి రంధ్రం దగ్గర నోరు పెట్టి, నోరు మూసుకుని, గొంతుతో ఒక స్వరం తీసి మెల్లగా కిందికి దిగుతూ రండి. అరచెయ్యి వెనకపలక మీద ఉంచండి. ఒకచోట ఉన్నట్టుండి పెట్టె మీ గొంతు అందుకుంటుంది, అరచేతికి వణుకు తెలుస్తుంది. అదే ఆ పెట్టె గాలి శ్రుతి. రంధ్రాన్ని అట్టముక్కతో సగం మూసి మళ్లీ చేస్తే ఆ చోటు ఇంకా కిందికి జరుగుతుంది. రంధ్రం చిన్నదైతే శ్రుతి దిగుతుంది, పెట్టె చిన్నదైతే ఎక్కుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పేరు మీద దీన్ని చదువుకుంటాం.

గిటార్ అన్నిటికన్నా కింది తీగ శ్రుతి 82 హెర్ట్జ్. అంటే పెట్టె గాలి శ్రుతికన్నా కింద. కాబట్టి ఆ తీగ మూలస్వరాన్ని మామూలు గిటార్ ఏదీ సరిగ్గా పలికించలేదు. దాని పైనుండే 165, 247 హెర్ట్జ్ స్వరాలు గట్టిగా వినపడితే, మన మెదడు కింది స్వరాన్ని తనంతట తాను పూరించుకుంటుంది. పెట్టె చిన్నదయ్యేకొద్దీ గాలి శ్రుతి పైకి పోయి, మంద్రం ఇంకాస్త పలచబడుతుంది. చిన్న గిటార్‌కు ‘బేస్ లేదు’ అని జనం చెప్పేది దీన్నే.

పెట్టె కొలతల్లో అందరికీ తెలిసిన పేరు డ్రెడ్‌నాట్. 1906లో బ్రిటన్ సముద్రంలోకి దింపిన యుద్ధనౌక పేరది. అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1916లో ఆ పేరుతో, డిట్సన్ అనే మరో సంస్థ కోసం, అప్పటికి బాగా పెద్దదైన గిటార్ చేసింది. 1930ల్లో సొంత పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. దాని అడుగుభాగం వెడల్పు 397 మిల్లీమీటర్లు, లోతు సుమారు 124. దానికన్నా చిన్నది ట్రిపుల్ ఓ: వెడల్పు 381, లోతు 105. ఇంకా చిన్నది డబుల్ ఓ: వెడల్పు 364. డ్రెడ్‌నాట్‌కూ ట్రిపుల్ ఓకూ వెడల్పులో తేడా 16 మిల్లీమీటర్లే కదా అనిపించొచ్చు. కానీ నడుము దగ్గర డ్రెడ్‌నాట్ వెడల్పు, ట్రిపుల్ ఓ బాగా సన్నం. లోతులో తేడా కూడా కలిపితే లోపల పట్టే గాలి చాలా మారిపోతుంది. ఒళ్లో పెట్టుకున్న క్షణంలోనే ఆ తేడా కుడి భుజానికి తెలుస్తుంది. పొట్టి మనుషులూ, పిల్లలూ డ్రెడ్‌నాట్ మీద చెయ్యి వెయ్యాలంటే భుజం ఎగేసి కూచోవాలి. నెల తిరక్కుండా మెడ నొప్పి.

మరి పెద్దదెవరికి? మా వైపు ఊళ్లలో గిటార్ ఎక్కువగా వినపడేది చర్చిలో, ఆదివారం ఆరాధనలో. పక్కన కీబోర్డు, డ్రమ్సు, పాతిక గొంతులు. భజన మందిరాల్లోనూ హార్మోనియం, తబలా, తాళాల మధ్య అంతే. అక్కడ గిటార్ పని కార్డ్స్ కొట్టి లయ మోయడం. ప్లెక్ట్రమ్‌తో బలంగా కొడితే డ్రెడ్‌నాట్ పెద్ద పలక ఆ బలాన్ని తట్టుకుని మోగుతుంది. చిన్న పెట్టెను అలా కొడితే కొంతదాకా పలికి, ఆపైన ఎంత కొట్టినా చప్పుడు పెరగదు, గరగరమంటుంది. వేలికొనలతో మీటేవారి సంగతి వేరు. వేలు ఇచ్చే శక్తి తక్కువ కాబట్టి, పెద్ద బరువైన పలకను కదిలించడానికే అది సరిపోతుంది. చిన్న తేలికైన పలక వెంటనే లేస్తుంది, ఒక్కో తీగ విడివిడిగా వినపడుతుంది. మిద్దె ఇంట్లో పదడుగుల గదిలో కూచుని ఒంటరిగా వాయించుకునేవారికి డబుల్ ఓ, ట్రిపుల్ ఓ చాలు. సిమెంటు గోడల గదిలో డ్రెడ్‌నాట్ మంద్రం ఎలాగూ గోడలకు తగిలి గుంయిమంటుంది.

పెట్టె వద్దనుకునే దారీ ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ మాండలిన్ మీద పలికించారు. అక్కడ బోలు పెట్టె పని పికప్, ఆంప్లిఫయర్ చేస్తాయి. మన చర్చ బోలు పెట్టెల గురించే.

ఇక పలక. గిటార్‌లో అసలు మోగే భాగం పైపలక ఒక్కటే అనుకున్నా పెద్ద తప్పు కాదు. మందం రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. ఉక్కు తీగలు ఆరూ కలిసి దాన్ని సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి, రాత్రీ పగలూ. అంత లాగుడుకు వంగిపోకూడదు, అయినా దోమ రెక్కలా కదలాలి. అంటే గట్టిగా ఉండాలి, తేలిగ్గానూ ఉండాలి. ఈ రెండూ ఒక్కచోట దొరికే కర్రలు తక్కువ. స్ప్రూస్‌ను ప్రపంచమంతా ఎంచుకున్నది అందుకే. చలిదేశాల చెట్టది. ఘనమీటరు 400 నుంచి 450 కిలోలు తూగుతుంది. ధ్వని దాని నారవెంట సెకనుకు 5000 మీటర్లకు పైగా పరుగెడుతుంది. ఎంతో బరువుండే ఉక్కులోనూ ధ్వని వేగం దాదాపు అంతే. రోజ్‌వుడ్ అని అమ్మే మన ఇరుగుడు కర్ర బిగువులో స్ప్రూస్‌కు ఇంచుమించు సమానం, బరువులో మాత్రం రెట్టింపు. దానితో పైపలక చేస్తే అదే బిగువుకు రెండింతల బరువు మోయాలి. తీగ ఇచ్చే పిసరంత శక్తికి అది బద్ధకంగా లేస్తుంది.

ఈ లెక్క పట్టుకుని మన చెట్లను చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. అనంతపురం, కడప అడవుల్లో పెరిగే ఏపి, దాన్నే నారేపి అంటారు, ఘనమీటరు 1000 కిలోలు దాటే కర్ర. నీళ్లలో వేస్తే మునుగుతుంది. శేషాచలం ఎర్రచందనమూ ఆ కోవలోదే. వానలు లేని చోట, రాతినేలలో, ఏళ్ల తరబడి మెల్లగా పెరిగే చెట్లకు ఇలాంటి చావుగట్టి కర్ర ఉండటం మామూలే. మేకలకు ఏపి ఆకు, తాళ్లకు ఏపి నార, బండికీ ఇంటికీ ఏపి కర్ర: కరువు సీమలో ఈ చెట్టు చెయ్యని చాకిరీ లేదు. గిటార్ పైపలకకు మాత్రం ఇది బొత్తిగా పనికిరాదు.

అలాగని సంగీతానికే పనికిరాదనుకుంటే పొరపాటు. కదిరి నరసింహస్వామి రథోత్సవంలో ముందు నడిచే నాదస్వరాన్ని తలుచుకోండి. తంజావూరు ప్రాంతంలోని నరసింగంపేటలో నాదస్వరం చేసేవారు వాడే ‘ఆచ్చా’ కర్ర ఈ ఏపే. కొత్తగా కొట్టిన చెట్టు వాళ్లకు నచ్చదు. కూల్చిన పాత ఇళ్ల దూలాలు, స్తంభాలు కొని తెచ్చుకుంటారు, ఎన్నో దశాబ్దాలు ఎండినవి. ఎందుకంటే నాదస్వరంలో మోగేది కర్ర కాదు, లోపలి గాలి. పీక దాన్ని కదిలిస్తుంది. చుట్టూ ఉన్న గోడ గాలి శక్తిని తాను మింగకుండా, కదలకుండా నిలబడాలి, లోపలి తొర్ర నున్నగా ఉండాలి. అక్కడ బరువే గుణం. ప్రకాశం జిల్లా కరవది నుంచి శ్రీరంగం వెళ్లి స్థిరపడిన షేక్ చినమౌలానా గారి వాద్యంలోని ఆ నిండుదనం వెనక ఊపిరి, పెదవులు, సాధన ఉన్నాయి. వాటిలో ఒక్క రవ్వ కూడా మింగని గోడను కర్ర ఇచ్చింది. ఎర్రచందనం విషయమూ అలాంటిదే. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం కాడకు శ్రేష్ఠమని ఎర్రచందనాన్ని ఎంచుకుంటారు. కాడ మోగనక్కర్లేదు, వంగకుండా ఉంటే చాలు.

పనస ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఉత్తరాంధ్రలో బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వాళ్లు పనస మొద్దును తొలిచి వీణ చేస్తారు. కుండ, దండి ఒకే మొద్దులోంచి వచ్చేదాన్ని ఏకాండి వీణ అంటారు. పనస మరీ తేలిక కాదు, మరీ బరువు కాదు. తొలిస్తే చీలదు, పురుగు త్వరగా పట్టదు, ఆరాక మెలి తిరగదు. నల్లమాడలో పనస చెట్టు బతికించాలంటే రోజూ నీళ్లు పోయాలి. బొబ్బిలి వైపు వానలకు అది దానంతట అది పెరుగుతుంది. వీణ తయారీ అక్కడ పాతుకోవడానికి రాజుల పోషణ ఎంత కారణమో వానా అంతే కారణమని నాకనిపిస్తుంది.

అయితే వీణ నాదంలో ఎంత భాగం పనసది? విశాఖలో చిన్నతనం గడిపిన సి.వి. రామన్ 1921లో మన తంత్రీవాద్యాల మీద ఒక చిన్న వ్యాసం రాశారు. వీణ, తంబురాల బ్రిడ్జి గిటార్ బ్రిడ్జిలా పదునైన అంచు కాదు, వెడల్పుగా, కాస్త వంపుగా ఉంటుంది. వణికే తీగ ఆ వంపును తాకుతూ వదులుతూ ఉంటుంది. మామూలు తీగలో పలకకూడని స్వరాలు కూడా అందువల్ల పలుకుతాయని ఆయన చూపించారు. వీణకున్న ఆ జిగి చాలామటుకు బ్రిడ్జి వంపుది. మనం మాత్రం పనసను పొగుడుతాం. కంటికి కనపడేది కర్ర కాబట్టి కర్రకే పేరొస్తుంది.

గిటార్‌లో ఇదే పొరపాటు వెనకపలక విషయంలో జరుగుతుంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ అని ఒకటుంది. దాని కోసం లక్షలు పోస్తారు. ఆ చెట్లు కరువై, కలప బయటికి రావడం కష్టమై, మార్టిన్ కంపెనీ 1969 నుంచి ఇండియన్ రోజ్‌వుడ్‌కు మారింది. 1992లో బ్రెజిల్ చెట్టును అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ కింద పూర్తిగా కట్టడి చేశారు. 2017లో రోజ్‌వుడ్ జాతులన్నిటినీ ఒప్పందంలోకి తెచ్చారు. అప్పుడు వాద్యాలను దేశం దాటించి అమ్మేవాళ్లకు కూడా కాగితాల బెడద వచ్చిపడింది. బ్రెజిల్ కర్రవి కాని, తయారైపోయిన వాద్యాలకు 2019లో సడలింపు ఇచ్చారు. ఈ గొడవంతా జరుగుతుండగానే ఇంగ్లండ్‌లో కొందరు శాస్త్రవేత్తలు, రోజర్ బక్నల్ అనే గిటార్ శిల్పితో కలిసి, ఆరు గిటార్లు చేయించారు. పైపలకలు, కొలతలు వీలైనంత ఒకేలా. వెనకపలకలు, పక్కలు మాత్రం ఆరు రకాల కర్రలు: బ్రెజిల్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహాగనీ, మేపుల్, సపేలీ, వాల్‌నట్. 52 మంది గిటారిస్టులకు వెల్డింగ్ చేసేవాళ్లు పెట్టుకునే కళ్లద్దాలు పెట్టి, మసక వెలుతురులో వాయించి చూడమన్నారు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆరింటికీ వచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. చవక కర్రకూ ఖరీదు కర్రకూ మధ్య తేడాను వాయించినవాళ్లు పట్టుకోలేకపోయారు.

అంతకు 150 ఏళ్ల ముందే, 1862లో, ఆధునిక క్లాసికల్ గిటార్‌కు రూపమిచ్చిన స్పెయిన్ శిల్పి ఆంతోనియో దె తోర్రెస్ వెనకపలక, పక్కలు కాగితపు గుజ్జుతో చేసి, పైపలక ఒక్కటి మంచి స్ప్రూస్‌తో బిగించాడు. ఆ గిటార్ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. తోర్రెస్ మాట ఎవరూ వినలేదు. విని ఉంటే ఎన్ని చెట్లు మిగిలేవో!

వెనకపలకకు అసలు పనే లేదని కాదు. అది పెట్టెను మూస్తుంది, బలమిస్తుంది, ఎంతోకొంత మోగుతుంది కూడా. కానీ కొనేటప్పుడు డబ్బు దాని మీద పెట్టడం దండగ. డబ్బు పైపలక మీద పెట్టండి. ‘స్ప్రూస్ టాప్’ అని రాసి ఉన్నంత మాత్రాన అది నిండు పలక కాకపోవచ్చు, ప్లైవుడ్ మీద సన్నటి స్ప్రూస్ పొర అంటించి ఉండొచ్చు. దుకాణంలో ఫోన్ టార్చి వేసి రంధ్రం అంచును చూడండి. పైన కనపడే నారగీతలు అంచు మందంలో కిందిదాకా అలాగే దిగితే నిండు పలక. అంచులో రెండు మూడు పొరలు అడ్డంగా కనపడితే ప్లై. అంచుకు నల్లరంగు పులిమి ఉంటే అనుమానించండి.

ఇప్పుడు నల్లమాడ గాలి. గిటార్లు చేసేచోట గదిలో తేమ 45 నుంచి 50 శాతం దగ్గర నిలిపి ఉంచుతారు. ఆ గాలిలో కర్ర తన బరువులో సుమారు 9 శాతం నీరు పట్టి ఉంచుకుంటుంది. మా వైపు మార్చి నుంచి వానలు పడేదాకా మధ్యాహ్నపు గాలి 30 శాతం కిందికి జారడం వింత కాదు. ఒక గదిలో సగటు తేమ 25 శాతానికి దిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, కర్రలో నీరు సుమారు ఐదున్నర శాతానికి పడిపోతుంది. స్ప్రూస్ నారకు అడ్డంగా, ప్రతి ఒక్క శాతం నీటికీ 0.14 శాతం దాకా కుంచించుకుపోతుంది. డ్రెడ్‌నాట్ వెడల్పు మీద లెక్కేస్తే దాదాపు 2 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్లేనా అనకండి. పలక కింద అడ్డంగా అంటించిన ఊతకర్రలు నారవెంట ఉంటాయి, అవి కుంచించుకోవు. పైది తగ్గుతానంటుంది, కిందివి వదలవు. ఏదో ఒక మధ్యాహ్నం గన్ను పేలినట్టు చప్పుడవుతుంది, బ్రిడ్జి పక్కన వెంట్రుక మందాన పగులు. అంతకుముందే సూచనలు కనపడతాయి: మెడ పక్కన ఫ్రెట్ల కొనలు చేతికి గీరుకోవడం, పలక లోపలికి కుంగి తీగలు ఫ్రెట్లకు తగిలి జరజరమనడం.

ఇదే పొడిగాలి డప్పుకు మేలు చేస్తుంది. తేమ తగిలితే తోలు జారిపోతుంది, అందుకే డప్పులవాళ్లు ఊరేగింపుకు ముందు మంట వేసి కాపుకుంటారు. అది చూసి గిటార్‌నూ ఎండలో పెట్టే కుర్రాళ్లున్నారు. వద్దు.

కాబట్టి నల్లమాడలో ఉండే మనిషికి నా సలహా ఇది: పైపలక నిండు స్ప్రూస్, వెనకపలక, పక్కలు మంచి ప్లై. ప్లైలో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అంటించి ఉంటాయి కాబట్టి అది పెద్దగా కుంచించుకోదు. అన్నీ నిండు పలకలే కావాలనుకుంటే ఏడాదికి నాలుగు నెలలు దానికి పసిబిడ్డకు చేసినంత సేవ చెయ్యాలి. పైపలక ఒక్కదాన్ని కాపాడటం తేలిక. కేసులో ఉంచండి. చిల్లులు పొడిచిన సబ్బుపెట్టెలో తడిపి పిండిన స్పాంజి ముక్క పెట్టి కేసులో పడెయ్యండి. కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ తేమ మీటరు ఒకటి పక్కన ఉంచండి. రేకుల కింద, టెర్రస్ గదిలో వేలాడదీయకండి. ఎయిర్ కూలర్ ఉన్న గది గిటార్‌కు మంచిదే, ఎందుకంటే కూలర్ గాలిలోకి నీళ్లే కలుపుతుంది. ఏసీ గది గాలిని ఇంకా ఎండబెడుతుంది. అక్టోబరు వానల్లో మాత్రం స్పాంజి తీసెయ్యాలి, లేకపోతే పలక ఉబ్బి తీగలు ఫ్రెట్లకు ఎత్తయిపోతాయి.

పైపలక కాని చోట్ల మన బరువు కర్రకు పని ఉంది. వేళ్లు నొక్కే మెడపట్టీకి, బ్రిడ్జికి ఇన్నాళ్లూ నల్లచేవమాను, రోజ్‌వుడ్ వాడుతున్నారు. అక్కడ కావలసింది అరగని, తీగ ఒత్తిడికి లొంగని కర్ర. సాంద్రత, గట్టితనం చూస్తే ఏపి ఆ పనికి చాలినదే. చిక్కంతా ఆరబెట్టడంలో ఉంది. పచ్చి ఏపి ఎండేటప్పుడు పగులుతుంది, మెల్లగా నీడలో ఆరాలి, కోయడానికి రంపం పళ్లు అరుగుతాయి. నరసింగంపేటవాళ్లు పాత దూలాల వెంట పడేది ఊరికే కాదు. సీమలో మట్టిమిద్దెలు కూల్చి సిమెంటు ఇళ్లు కట్టేటప్పుడు అలాంటి దూలాలు బయటపడుతూనే ఉన్నాయి. చాలావరకు పొయ్యిలోకి పోతున్నాయి.